ఏటి నీళ్లా, మన చెరువు అడుగా? రొయ్యకి విషం ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చుకోవడం ఎట్లా

తమ్ముడూ, నువ్వడిగింది ముందు ఒకసారి చెప్తాను, చదివే మిగతా రైతులకి కూడా తెలియాలి కాబట్టి. నెల్లూరు జిల్లా తోటపల్లిగూడూరు పక్క మూడు చెరువులు, ఒక్కోటి ఎకరం, వనామీ రకం రొయ్య, పిల్ల వేసి 52వ రోజు. వానలు తెరిపిచ్చాక పది రోజుల కిందట ఏటి నీళ్లు మూడింటికీ తోడావు. రెండో చెరువులో మాత్రం నాలుగు రోజులుగా, రొయ్య తింటోందో లేదో చూసే చెక్ ట్రేల్లో మేత మిగులుతోంది. పొద్దున పూట పది పదిహేను చచ్చినవి కనపడుతున్నాయి, మొప్పలు గోధుమ రంగుకి తిరిగాయి. పొద్దున ఏడింటికి కిట్‌తో చూస్తే మొత్తం అమ్మోనియా 1 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాము), నైట్రైట్ 3, సాలినిటీ అంటే ఉప్పు 12 పీపీటీ (లీటరుకి గ్రాములు), పీహెచ్ 7.8. మధ్యాహ్నం పీహెచ్ 8.8. ఏట్లో ఫ్యాక్టరీ నీళ్లు కలిశాయని ఊళ్లో అంటున్నారు, నిజమేనా, ఏం మందు వెయ్యాలి అని నీ ప్రశ్న.

ఒకే మోటారు, ఒకే ఏరు, ఒకే రోజు నీళ్లు మూడు చెరువులకీ పోయాయి. జబ్బు ఒక్కదానికే వచ్చింది. ఏటి నీళ్లలో రొయ్యని చంపేంత విషం ఉంటే మొదటిదీ మూడోదీ ఇంత నిమ్మళంగా మేత తినవు. కాబట్టి ఫ్యాక్టరీని కాసేపు పక్కన పెట్టి రెండో చెరువు అడుగు చూడు. ఏటిని నేనేమీ వెనకేసుకు రావడం లేదు, దాని సంగతి కూడా కింద రాస్తాను. కానీ మన వైపు పది చెరువులు దెబ్బతింటే పదిటికీ బయటి నీళ్ల మీదే నింద వేస్తాం. నేను చూసినంతలో వాటిలో ఎక్కువ భాగం విషం మనం సంచుల్లో కొనుక్కొచ్చి మన చేత్తో చల్లిన మేతే.

లెక్క చెప్తా చూడు. నీది ఎకరం, నాలుగు అడుగుల నీళ్లు, అంటే దాదాపు 49 లక్షల లీటర్లు. ఈ వయసులో రోజుకి 45 కిలోల మేత అనుకుందాం. 35 శాతం ప్రొటీన్ మేతలో నత్రజని 5.6 శాతం, అంటే రోజుకి రెండున్నర కిలోల నత్రజని చెరువులోకి పోతోంది. రొయ్య ఒంటికి పట్టేది అందులో మూడో వంతుకి మించదు. మిగతా కిలో ముప్పావు దాకా మొప్పల గుండా, పెంటగా, కరిగిపోయిన మేతగా నీళ్లలోకీ అడుక్కీ చేరుతుంది. దాన్ని తినేవాళ్లు ఎవరూ లేకపోతే రోజుకి 0.35 పీపీఎం చొప్పున అమ్మోనియా పేరుకుంటుంది. మామూలు రోజుల్లో పేరుకోదు, ఎందుకంటే నీళ్లలో పెరిగే పచ్చరంగు నాచు, అంటే బ్లూమ్, దానితో పాటు బ్యాక్టీరియా కలిసి లాగేసుకుంటాయి. వానలప్పుడు నాలుగు రోజులు మబ్బు పట్టింది కదా, అప్పుడు ఆ చెరువులో నీళ్లు తేటబడ్డాయా? తర్వాత ఉన్నట్టుండి మళ్లీ ముదురు పచ్చగా మారాయా? మారి ఉంటే బ్లూమ్ చచ్చి అడుక్కి పోయింది, ఆ కుళ్లు అమ్మోనియాగా పైకి వచ్చింది, ఎండ కాయగానే ఆ అమ్మోనియానే తిని కొత్త బ్లూమ్ లేచింది. మధ్యాహ్నం పీహెచ్ 8.8కి ఎక్కడం ఆ కొత్త బ్లూమ్ పనే.

పీహెచ్ దగ్గరే అసలు తిరకాసు ఉంది. కిట్‌లో చూపించే 1 పీపీఎం మొత్తం అమ్మోనియా. అందులో విషం ఎంతనేది పీహెచ్, వేడి కలిసి తేలుస్తాయి. నీళ్ల వేడి 30 డిగ్రీలు అనుకుంటే పొద్దున 7.8 దగ్గర విషపు భాగం ఐదు శాతం, అంటే 0.05 పీపీఎం. రొయ్య ఓర్చుకుంటుంది. అదే నీళ్లు, అదే 1 పీపీఎం, మధ్యాహ్నం 8.8 దగ్గర సుమారు 30 శాతం అవుతుంది, అంటే 0.3 పీపీఎం. 0.1 దాటకూడదన్నది అందరూ పాటించే హద్దు. అంటే నువ్వు పొద్దున ఏడింటికి కిట్ చూసి 'ఫర్లేదు' అనుకుంటున్నావు, మధ్యాహ్నం మూడింటికి ఆ రొయ్య హద్దుకి మూడు రెట్ల విషంలో ఉంటోంది. టెక్నీషియన్ వచ్చేది కూడా పొద్దునే, ఎండ పడక ముందు. కాబట్టి ఇక నుంచి అమ్మోనియా పరీక్ష మధ్యాహ్నం పీహెచ్‌తో పాటు చెయ్యి. పొద్దుటి అంకె ఒక్కటే పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

రొయ్య లోపల ఏం జరుగుతుందో కూడా తెలిస్తే మేత ఎందుకు మానేసిందో అర్థమవుతుంది. రొయ్య తన ఒంట్లో పుట్టే అమ్మోనియాని మొప్పల గుండా నీళ్లలోకి వదిలేస్తుంది. బయట నీళ్లలోనే అది ఎక్కువైతే వీధి కాలువ నిండి ఇంటి తూము వెనక్కి తన్నినట్టు రక్తంలోనే నిలిచిపోతుంది. మొప్పల కణాలు ఉబ్బుతాయి, ఆక్సిజన్ అందుకోవడం తగ్గుతుంది. మేత జీర్ణం చేసుకుంటే ఇంకా అమ్మోనియా పుడుతుంది కాబట్టి తినడం తగ్గిస్తుంది. అన్నిటికన్నా నష్టం ఏంటంటే రక్తకణాలు తగ్గుతాయి. రొయ్యకి మనకున్నట్టు టీకా పనిచేసే రోగనిరోధక వ్యవస్థ లేదు, ఉన్న కాపలా అంతా ఆ రక్తకణాలే. అవి తగ్గితే ఎప్పుడూ నీళ్లలో ఉండే విబ్రియో బ్యాక్టీరియా అప్పుడు లోపలికి దిగుతుంది. ల్యాబ్‌లో విబ్రియో కనపడిందని రాస్తారు, నిజమే, కనపడుతుంది. దానికి తలుపు తీసింది మాత్రం నీళ్లు.

నైట్రైట్ 3 చూసి భయపడ్డావు. రొయ్య రక్తంలో ఆక్సిజన్ మోసేది రాగి ఉన్న హీమోసయనిన్. నైట్రైట్ రక్తంలో చేరితే ఆ మోత దెబ్బతింటుంది. అయితే అది మొప్పల్లోకి దూరేది క్లోరైడ్ పోయే దారినే. నీళ్లలో ఉప్పు ఎక్కువుంటే క్లోరైడ్ దానికి పోటీ వచ్చి అడ్డుకుంటుంది. 15 పీపీటీ సాలినిటీలో నైట్రైట్ నత్రజని 6 పీపీఎం దాకా వనామీ తట్టుకుంటుందని పరిశోధనల్లో తేలింది. 2 పీపీటీ నీళ్లలో అర పీపీఎం కూడా ఎక్కువే. కాబట్టి 12 పీపీటీలో నీకొచ్చిన 3 ఇవాళ చంపేది కాదు, పెరగకుండా చూసుకోవాల్సింది. బోరు నీళ్ల మీద తక్కువ ఉప్పుతో చేసే వాళ్లకి మాత్రం ఇదే అంకె వస్తే ఆ రాత్రి నిద్ర ఉండకూడదు. పక్క ఊరాయన 'నాకు నైట్రైట్ 4 ఉన్నా ఏం కాలేదు' అంటే ముందు ఆయన సాలినిటీ అడుగు.

ఇక అడుగు. చెరువు మధ్యలో, నీళ్లు చిలికి గాలి ఎక్కించే ఏరేటర్లు తిప్పితే మురికంతా పోగయ్యే చోట, పొడుగు వెదురుకి డబ్బా కట్టి మట్టి తియ్యి. పైన పలచగా గోధుమ రంగు పొర, కింద నలుపు ఉంటే కంగారు లేదు. పైదాకా నల్లగా, జారుడుగా ఉండి కుళ్లిన గుడ్డు వాసన కొడితే హైడ్రోజన్ సల్ఫైడ్ తయారవుతోంది. రైతులు గ్యాసు పట్టింది అనేది దీన్నే. ఇది అమ్మోనియా కన్నా చాలా తక్కువ మోతాదులో చంపుతుంది, పైగా రొయ్య ఉండేది అడుగునే. పొర విడిచిన రొయ్యలే ముందు పోతాయి. అమావాస్యకీ పౌర్ణమికీ మెత్తబడ్డవి అడుగున పడి లేవలేదని చెప్పే కథల్లో సగం వాటికి ఈ గ్యాసే కారణం. రెండిటి స్వభావం తలకిందులు. పీహెచ్ పెరిగితే అమ్మోనియా విషమవుతుంది, పీహెచ్ తగ్గితే సల్ఫైడ్ విషమవుతుంది. అందుకే 'పీహెచ్ తగ్గించే మందు' ఒకటి పోసేసి ఊరుకుంటే ఒక గోతిలోంచి లేచి ఇంకో గోతిలో పడతావు. అడుగు చూడకుండా పీహెచ్ ముట్టుకోవద్దు.

మొప్పల రంగు సంగతి. గోధుమ రంగంటే ఎక్కువ సార్లు ఒండ్రు, చచ్చిన బ్లూమ్, వాటి మీద పెరిగే ఏకకణ జీవులు మొప్పలకి పట్టుకోవడం. బోరు నీళ్లయితే ఇనుము తుప్పులా పేరుకుని ఎర్రగా కనపడుతుంది. ఒక రొయ్య తల పెంకు పక్కకి తీసి మొప్పల్ని తేట నీళ్లలో మెత్తటి కుంచెతో కడుగు. కడిగితే పోయేది మురికి. కడిగినా పోకుండా నల్ల చుక్కలు, నల్ల గీతలు ఉంటే అక్కడ కణజాలమే దెబ్బతిన్నట్టు. బూజు కావచ్చు, బ్యాక్టీరియా కావచ్చు, లోహాలు కూడా ఆ పని చేస్తాయి. నువ్వు పంపిన ఫొటోలో గోధుమ రంగే తప్ప నలుపు నాకు కనపడలేదు, ఫొటో మీద మాత్రం నేను ఒట్టు వెయ్యను.

ఇంతా చెప్పాను గానీ ఇవాళ మొదట చెయ్యాల్సింది పీసీఆర్, అంటే వైరస్ జాడ పట్టే ల్యాబ్ పరీక్ష. మేత తగ్గడం, రోజూ కొన్ని చావడం తెల్లమచ్చ వైరస్‌కీ మొదటి గుర్తులే, ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి ఉన్న చెరువు కూడా ఇట్లాగే నీరసంగా నడుస్తుంది. మచ్చలు కనపడే దాకా ఆగితే ఆలస్యం. చచ్చినవి కాకుండా, నీరసంగా గట్టు పట్టిన బతికున్న రొయ్యల్ని ల్యాబ్‌కి తీసుకెళ్లు. పది పదిహేనే కదా అనుకోకు, చచ్చినవాటిని మిగతావి తినేస్తాయి, పైకి కనపడేది అసలు చావులో చిన్న భాగం. వైరస్ వచ్చిందని తేలితే మాత్రం నీళ్లు ఏట్లోకి వదలొద్దు, బ్లీచింగ్ కొట్టి నిలబెట్టాలి.

ఇప్పుడు ఏటి సంగతికి వస్తాను. మన జిల్లా ఉప్పుటేళ్ల దౌర్భాగ్యం ఏంటంటే తోడుకునేదీ వదిలేదీ ఒకే ఏట్లోకి. కండలేరు పక్కన చూడు, బకింగ్‌హాం కాలువ పక్కన చూడు, ఒకరి తూముకి కూతవేటు దూరంలో ఇంకొకరి మోటారు. పాటు మీద, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, వదిలిన నీళ్లు పోటుతో మళ్లీ వెనక్కే వస్తాయి. ఏరు సముద్రంలో కలిసే మొగ పూడుకుపోయిన నెలల్లో అసలు కదలవు. 1994-95లో టైగర్ రొయ్య చెరువులన్నీ వరసగా ఖాళీ అయిపోయిన ఏడు ఉంది చూడు, అప్పుడు తెల్లమచ్చ ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి ఎక్కువగా ఈ దారినే నడిచింది. తర్వాత 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చాయి. 2009లో వనామీకి అనుమతి ఇచ్చినప్పుడు చదరపు మీటరుకి 60 పిల్లలు మించకూడదని, వదిలే నీళ్లని శుద్ధి చేసే గుంట ఉండాలని షరతులు పెట్టారు. ఆ గుంటకి ఎకరంలో పదో వంతు పోతుందని ఎంతమంది దాన్ని కూడా చెరువు చేసి సీడ్ (రొయ్య పిల్ల) వేశారో నీకూ నాకూ తెలుసు. ఎవరి మురికి వాళ్ల గుంటలో వారం ఆగితే ఏట్లో ఇంత అమ్మోనియా ఉండదు. ఇది ఫ్యాక్టరీ చెయ్యాల్సిన పని కాదు.

బయటి విషాల్లో నేను నిజంగా భయపడేది పురుగుమందుకి. పెన్నా డెల్టాలో వరి నాట్లు పడ్డాక మురుగు కాలువలన్నీ వచ్చి కలిసేది ఇవే ఏళ్లలో. రొయ్యా పురుగూ ఒకే జాతి వర్గం, కీళ్ల కాళ్ల జీవులు. పురుగుని చంపడానికి తయారుచేసిన మందు రొయ్యని వదలదు. సైపర్‌మెత్రిన్ లాంటి పైరిథ్రాయిడ్లు లీటరుకి ఒక మైక్రోగ్రాము కన్నా తక్కువలోనే రొయ్యల్ని చంపుతాయి. నీ చెరువు లెక్కలో చూస్తే ఐదు గ్రాముల అసలు మందు చాలు. 25 శాతం మందు ఉన్న సీసాలో అది 20 మిల్లీలీటర్లు. పిచికారీ చేసిన ట్యాంకు కాలువలో కడిగితే పోయేంత. చెరువు సిద్ధం చేసేటప్పుడు పీతలు చావాలని ఇవే మందులు గట్ల మీద కొట్టే వాళ్లు కూడా ఉన్నారు, సీడ్ వేశాక మూడో రోజుకి పిల్ల కనపడటం లేదని హేచరీ మీద పడతారు.

పురుగుమందు చావు మాత్రం నీకు వచ్చినట్టు ఉండదు. నీళ్లు తోడిన కొన్ని గంటల్లో, మహా అయితే ఒకట్రెండు రోజుల్లో జరుగుతుంది. రొయ్యలు ఎగిరెగిరి పడతాయి, పక్కకి పడి కాళ్లు కొట్టుకుంటాయి. చిన్నా పెద్దా తేడా లేదు. గట్టు పక్కన పీతలు కూడా చస్తాయి, ఒక గ్లాసులో నీళ్లు ఎత్తి వెలుతురుకి పెడితే గెంతుతూ ఉండే చిన్న జీవాలు ఒక్కటీ ఉండవు. చేపలు మాత్రం కొన్నిసార్లు బతికే ఉంటాయి. ఆక్సిజన్ చావైతే తెల్లవారుజామున, పెద్దవి ముందు, అన్నీ ఒడ్డుకీ పైకీ వచ్చి. నాలుగు రోజులుగా మేత తగ్గుతూ, ఒకే చెరువులో, పొద్దున పొద్దున కొన్ని అంటే అది అడుగు నుంచీ నీళ్ల నుంచీ మెల్లగా వస్తున్న ఒత్తిడి.

లోహాలు ఇట్లా ఒక్కరోజులో బయటపడవు. రాగి, కాడ్మియం, సీసం మొప్పల్లోనూ లివర్‌లోనూ పేరుకుంటాయి, ఎదుగుదల మందగిస్తుంది, పెంకు వదులవుతుంది. ఊళ్లో మాటల మీద, నీళ్ల రంగు మీద వాటిని తేల్చలేం. నీకు నిజంగా అనుమానం ఉంటే ఏటి నీళ్లు పట్టి పరీక్ష చేయించు, చెన్నైలో సీబా (కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ) ఉంది. లోహాలకి శుభ్రమైన ప్లాస్టిక్ సీసా, పురుగుమందుకి రంగు గాజు సీసా, రెండూ ఐసులో. పట్టిన తేదీ, గంట, పోటో పాటో సీసా మీద రాయి. మన వాళ్లు చెరువు పోయాక వారానికి నీళ్లు పట్టుకెళ్తారు, అప్పటికి ఆ నీళ్లు ఏ సముద్రంలో ఉంటాయో! ఇంకో మాట, ఏట్లో రాగి వెతికే ముందు బ్లూమ్ తగ్గాలని ఈ పంటలో నువ్వే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ఎన్నిసార్లు కొట్టావో గుర్తుచేసుకో.

బ్లీచింగ్ కొట్టి నింపాను కదా అంటావు. బ్లీచింగ్ వైరస్‌ని, వైరస్ మోసే పీత పిల్లల్ని, బ్యాక్టీరియాని చంపుతుంది. లోహాన్ని తీసెయ్యదు, పురుగుమందు విషయంలో దాని మీద భరోసా పెట్టుకోలేం. 60 పీపీఎం అంటే నీ ఎకరా నాలుగడుగుల నీళ్లకి 295 కిలోల దాకా కావాలి. మన దగ్గర చాలామంది 50 కిలోల బస్తాలు రెండు విసిరి బ్లీచింగ్ అయిపోయిందంటారు. వాన తర్వాతి బురద నీళ్లలో ఆ క్లోరిన్ సగం మురికికే సరిపోతుంది. నీళ్లలో అమ్మోనియా ఉంటే క్లోరమైన్ తయారవుతుంది, అది క్లోరిన్ కన్నా ఎక్కువ రోజులు నిలబడి మొప్పల్ని కాలుస్తుంది. ముందు రిజర్వాయర్‌లో, అంటే వేరేగా ఉంచుకున్న నిల్వ గుంటలో, నాలుగైదు రోజులు ఒండ్రు తేరనివ్వాలి, తర్వాతే బ్లీచింగ్, ఆ తర్వాత ఏరేటర్లు తిప్పి క్లోరిన్ లేదని కిట్‌తో చూసుకుని చెరువుకి మార్చాలి. పైరిథ్రాయిడ్లు మట్టికి అంటుకునే రకం కాబట్టి తేరబెట్టడమే వాటికి కూడా కొంత విరుగుడు.

రెండో చెరువుకి ఇవాళ ఏం చెయ్యాలంటే: మేత సగానికి కోసెయ్, రెండు మూడు రోజులు. పెరుగుదల తగ్గుతుందని ఏడవకు, మిగిలిపోయిన మేతతో ఎట్లాగూ రొయ్య పెరగడం లేదు. ఏరేటర్లన్నీ రాత్రంతా తిరగాలి, తెల్లవారుజామున నాలుగింటికి ఆక్సిజన్ 4 పీపీఎం తగ్గకూడదు. కరెంటు నమ్మకం లేకపోతే డీజిల్ ఇంజను దగ్గర మనిషిని పడుకోబెట్టు. బెల్లం నీళ్లు పొద్దున ఎండ ఎక్కాక పొయ్యి, రోజుకి 20 కిలోలు. దానితో బ్యాక్టీరియా పెరిగి ఒక కిలో నత్రజనిని, అంటే 0.2 పీపీఎం దాకా లాగుతుంది. ఎక్కువ పోస్తే ఆ బ్యాక్టీరియానే రాత్రికి ఆక్సిజన్ తాగేస్తుంది, అందుకే ఒకేసారి వద్దు. మధ్యలో పోగైన నల్ల మట్టిని సైఫన్‌తో గట్టు అవతలి గుంటలోకి తియ్యి, ఏట్లోకి కాదు. రొయ్య ఆ కుప్ప మీద నడుస్తూ ఉంటే మెల్లగా, కొంచెం కొంచెంగా తియ్యాలి, కెలికితే గ్యాసు ఒక్కసారి లేస్తుంది.

సున్నం ఇప్పుడు వెయ్యొద్దు. షాపులో మొదట ఇచ్చేది అదే, అమ్మోనియా ఉండగా పొడి సున్నం వేస్తే పీహెచ్ ఎగిరి ఉన్న అమ్మోనియా అంతా విషమవుతుంది. జియోలైట్ బస్తాలు కూడా డబ్బు దండగ, 12 పీపీటీ నీళ్లలో సోడియం ముందే దాన్ని నింపేస్తుంది, అమ్మోనియాని పట్టే చోటు మిగలదు. యాంటీబయోటిక్ పేరెత్తిన వాణ్ణి గట్టు ఎక్కనివ్వకు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు నిషేధం, ఒక్క ఎగుమతి కంటైనర్‌లో అవశేషం దొరికితే ధర పడేది నీ ఒక్కడికే కాదు.

నీళ్లు మార్చాలనిపిస్తే రిజర్వాయర్‌లో తేరిన నీళ్లే, అదీ మొదటి చెరువు అంకెలతో పోల్చుకున్నాకే. ఏటి నుంచి నేరుగా తోడక తప్పకపోతే పోటు నిండాక, సముద్రపు నీళ్లు లోపలిదాకా వచ్చిన గంటలో తోడు, సాలినిటీ చూసుకుంటూ. పాటు మీద తోడితే ఎగువ నుంచి దిగే మురుగే వస్తుంది. నాట్లు పడి మందులు కొట్టే వారాల్లో, పెద్ద వాన తర్వాత మొదటి మూడు నాలుగు రోజుల్లో మోటారు ఆన్ చెయ్యొద్దు. అమావాస్య ముందు వెనకా కూడా ఆగు, పొర విడిచే రొయ్యకి మొప్పలు మెత్తగా ఉంటాయి, కొత్త నీళ్ల దెబ్బ మొదట దానికే తగులుతుంది.

రేపు మధ్యాహ్నం మూడింటికి మూడు చెరువులవీ పీహెచ్, మొత్తం అమ్మోనియా, నైట్రైట్ ఒకేసారి తీసి ఇక్కడ పెట్టు. పీసీఆర్ రిపోర్టు, రెండో చెరువు మధ్య మట్టి ఫొటో కూడా. మొదటి చెరువులోనూ విషపు అమ్మోనియా 0.1 దాటి ఉంటే నేను పైన రాసిన దాన్ని కొంత సవరించుకోవాలి, అప్పుడు తోడిన నీళ్ల మీద అనుమానం పెరుగుతుంది. పీసీఆర్ నెగటివ్ వచ్చి, మూడు రోజుల్లో ట్రేలు ఖాళీ కావడం మొదలైతే పంట నడుపుకోవచ్చు. కాకపోతే 100 కౌంట్ (కిలోకి వంద రొయ్యలు) దగ్గరే పట్టుబడి చెయ్యడం గురించి మాట్లాడుకుందాం, ఈలోపు వ్యాపారిని పిలవొద్దు.